తెర ఆరడానికి పట్టే సమయం

డాక్టరుగారికి నమస్కారం.

సోమవారం నుంచి మీరు మా సంస్థ పంపిన కొత్త తెర మీద రోగుల గొంతులు పరీక్షిస్తారని తెలిసి, ఈ ఉత్తరం రాయక తప్పడం లేదు. ఎక్స్‌రే బొమ్మను ప్రకాశవంతంగా చూపే ఆ తెర స్పందన కాలం సెకనులో ఐదో వంతు అని సంతకం పెట్టింది నేనే. తెర వెలగడానికి ఎంతసేపు పడుతుందో కొలిచాను. ఆరడానికి ఎంతసేపో కొలవలేదు.

నిన్న మా నాన్న నాకు క్యారేజీ ఇవ్వడానికి ప్రయోగశాలకు వచ్చారు. ఆయన చదువుకోలేదు. ముచ్చటపడి, తెర ముందు మసక దీపం పెట్టి, ఆ వెలుగుకు తెర ఎలా మెరుస్తుందో చూపించాను. దీపం ఆర్పగానే, "ఆపేశావు కదమ్మా, ఇదింకా వెలుగుతోందేంటి? దీనికి చెప్పలేదా?" అని నవ్వారు. నాకు నవ్వు రాలేదు. కొలిస్తే నాలుగు సెకన్లు.

కదలని ఎముకలకు ఇబ్బంది లేదు. కానీ గొంతు పరీక్ష కోసం రోగి చేత మింగించే మందు తెర మీద నీడగా కనిపించాలి. అది ఊపిరి గొట్టంలోకి జారినా, ఆ చోటు ఇంకా వెలుగుతూనే ఉంటే నీడ మీ కంటపడదు. బాగానే మింగాడని ఇంటికి పంపేస్తారు.

మా పెద్దసారుకు చెప్పాను. "బండి కదిలాక టికెట్టు కొంటావా? ఉద్యోగం కావాలంటే ఊరుకో" అన్నారు. ఈ ఉత్తరం నకలు ఆయన బల్ల మీద కూడా పెడుతున్నాను.

గొంతు పరీక్షలు ఆపామని శనివారం, పన్నెండో తేదీలోగా ఒక్క ముక్క రాయండి. జవాబు రాకపోతే, సోమవారం మీరు గది తలుపు తీసేసరికి నేను అక్కడ నిలబడి ఉంటాను.

ఇట్లు,
పరీక్ష విభాగం ఉద్యోగిని