మూత తియ్యని ఆర్గన్

కాలేజీ హాస్టలు,
14 అక్టోబరు, సోమవారం.

ప్రియమైన నాన్నకి,

ప్రభువు నామంలో వందనాలు. అమ్మకి విడిగా రాయడం లేదు, ఈ వందనాల్లో సగం ఆవిడకి పంచండి.

నేను క్షేమం. ఇక నా ఫిర్యాదు వినండి. ఫోను మీ చేతికొస్తే ఒక ‘ఊ’, ఒక ‘సరే’, ఆ వెంటనే ‘ఇదిగో అమ్మ’ అంటారు. కాగితమైతే పారిపోలేరు కదా అని రాస్తున్నాను.

పోయిన వారం మన సంఘం వాళ్ళెవరో, నేను కాలేజీ మందిరంలో ఆర్గన్ ముందు కూర్చుని ఉండగా చూశారట. ఆ మాట వినగానే మీరు భోజనం మధ్యలో చెయ్యి ఆపేసి, అయితే ఇది కూడా వాళ్ళ బాబాయి వైపు వెళ్ళిపోయిందన్నమాట అన్నారట. అమ్మే చెప్పింది. అమ్మ కడుపులో మాట ఎప్పుడు ఆగింది గనక!

ఇంకెవరైనా అంటే సరేలే అనుకునేదాన్ని. ఊళ్ళో వాళ్ళ ఆర్గన్లూ హార్మోనియంలూ విప్పి, తిత్తులకి తోలు అతికి, రీడ్లు సరిచేసి నన్ను చదివించిన మనిషి, ఆర్గన్ ముందు కూర్చున్నవాళ్ళంతా వాయించడానికే కూర్చుంటారని ఎలా అనుకున్నారు? నేను దుమ్ము దులుపుతున్నాను నాన్నా. ఆర్గన్ మెట్లు తుడుస్తున్నాను, మీరు నేర్పినట్టే, పొడిగుడ్డతో.

చదువైపోయాక ఇక్కడి లైబ్రరీలో చేరిన పాపానికి, ఉద్యమ వారసత్వ ఉత్సవం పనంతా నా నెత్తిన పెట్టారు. శాఖల పేర్లూ, మనుషులు రాసుకున్న నియమాలూ పక్కనపెట్టి, బైబిలు లేఖనం ఒక్కటే చాలు, క్రైస్తవులంతా ఒకే బల్ల దగ్గర రొట్టె విరవాలి అని బయల్దేరిన ఉద్యమం. ఈ కాలేజీని కట్టింది ఆ పెద్దలే. తీరా చూస్తే ఆరాధనలో ఆర్గన్ దగ్గర వాళ్ళే రెండు ముక్కలయ్యారు. లేఖనంలో ఆర్గన్ ఉండాలని లేదు గనక వద్దని మీరు. వద్దనీ లేదు గనక ఉండొచ్చని బాబాయి. మన రెండిళ్ళకీ మధ్య ఒకటే గోడ. ఉప్పు అయిపోతే పిన్ని గోడ మీంచి అందిస్తుంది. ఆదివారం పొద్దున మాత్రం మీరు కుడికి, ఆయన ఎడమకి. దేవుడికి రెండు కాపురాలున్నాయని చిన్నప్పుడు గట్టిగా నమ్మాను.

కమిటీలో గొడవ వింటే మీరు నవ్వేవారు. ఆర్గన్ వాళ్ళు మందిరంలో, వద్దనేవాళ్ళు లైబ్రరీ హాల్లో ఆరాధన చేసుకుని, భోజనాలు మాత్రం కలిసి చేద్దామన్నారు. ఐక్యతా ఉత్సవం రెండు గదుల్లోనా అని మా చరిత్ర మేడం బల్ల మీద ఒక్కటి చరిచింది. మేం చాటుగా గంట మేడం అంటాం, ఆ గొంతుకి ఇంకే పేరూ సరిపోదు. చివరికి ఒకే గది, ఒకే బల్ల, ఒకే రొట్టె అన్నారు. మొదటి పాట నోటితో, రెండోది ఆర్గన్‌తో. ఇష్టం లేనివాళ్ళు ఆ పాటకి ఊరుకోవచ్చు. వాయించేది బాబాయి.

ఆర్గన్ చూస్తే ఎడమ తిత్తి గాలి పట్టదు. కాళ్ళు పడిపోయేలా తొక్కినా ఆయాసం వచ్చిన ముసలాయనలా బుస్సుమంటుంది. ఎవరి ఆర్గనైనా విప్పుతారు గాని, మన ఉద్యమం వాళ్ళ ఆరాధనలో మోగేదాన్ని మీరు ముట్టుకోరు. అందుకే మిమ్మల్ని అడగలేదు. అమ్మకి ఫోనులో గోడు వెళ్ళబోసుకుని ఊరుకున్నాను. శనివారం పొద్దున మందిరం తెరిచి తొక్కి చూస్తే, శుభ్రంగా పలికింది! వాచ్‌మన్ తాతని అడిగితే, నాకేం తెలుసమ్మా అని పైకప్పు వైపు చూశాడు.

ఇక నిన్నటి సంగతి. నా పక్క కుర్చీ మీకోసం ఉంచాను. మీరు రాలేదు. మోకాలు నొప్పట. అంతకంటే మంచి సాకు దొరకలేదా అనుకున్నాను.

రొట్టె అందరి చేతుల మీదుగా తిరిగింది. మొదటి పాట అయింది. బాబాయి వెళ్ళి ఆర్గన్ ముందు కూర్చున్నాడు. మూత మీద చెయ్యి వేసి అలాగే ఉండిపోయాడు. గంట మేడం దగ్గింది. ఆయన మూత తియ్యకుండానే లేచొచ్చి, మా అన్నయ్య వచ్చుంటే ఈ పాటకి నోరు మూసుకుని నిలబడాల్సి వచ్చేది, ఆయన్ని బయట నిలబెట్టే పాట నాకెందుకు, నోటితోనే పాడదాం అన్నాడు.

పాడారు. బాబాయి వాళ్ళకి ఆర్గన్ ఊతం లేక శ్రుతి జారిపోతుంటే మనవాళ్ళే లాక్కొచ్చారు. తోలు అతికేటప్పుడు మీరు కూనిరాగం తీస్తారే, ఆ పాటే అది. మీరు పట్టే కింది స్వరానికి మాత్రం ఎవరూ లేరు. ఆ స్వరం రావాల్సిన చరణం దగ్గర బాబాయి ఆగి గుమ్మం వైపు చూశాడు. నేనూ చూశాను.

ఎటూ వెళ్ళిపోని
మీ గాలితిత్తి
(కోపమొస్తే బుగ్గలు పొంగిస్తానని మీరు పెట్టిన పేరే)

తా.క. అసలు విషయం ఇది. అందరూ వెళ్ళాక ఆర్గన్ వెనక్కి వెళ్ళి చూశాను. వెనక పలక స్క్రూల గాట్లన్నీ నిలువుగా ఉన్నాయి, ఒక్కటీ పక్కకి తిరిగి లేదు. మా అన్నయ్య స్క్రూలని కూడా ప్రార్థనకి నిలబెడతాడని బాబాయి ఎగతాళి చేసేది దీన్నే కదా. పలక విప్పాను. ఎడమ తిత్తికి కొత్త తోలు, మూలలు గుండ్రంగా కోసి ఉంది. మళ్ళీ నిలదీస్తే వాచ్‌మన్ తాత ఒప్పుకున్నాడు. శుక్రవారం మీరు పనిముట్ల సంచీతో వచ్చారట, ఎవరికీ చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నారట. ఆర్గన్ వెనక అంతసేపు మోకాళ్ళ మీద ఉంటే మోకాలు నొప్పి రాదా మరి! నన్ను మీరు తప్పుగా అనుకున్నారు, మిమ్మల్ని నేను. చెల్లుకి చెల్లు.

ఆయన వాయించాలని మీరు బాగుచేశారు. మీరు నొచ్చుకోకూడదని ఆయన వాయించలేదు. ఇదంతా బాబాయికీ రాశాను. ఈ పాటికి గోడకి అటువైపు కూర్చుని చదువుతూ ఉంటాడు.

శనివారం ఇంటికి వస్తున్నాను. ఇక నుంచి ఒక ఆదివారం మీతో కుడికి వెళ్తాను, ఒక ఆదివారం బాబాయితో ఎడమకి వెళ్తాను.