ఆఫియా అంటే ఇక్కడ నిప్పు కాదట

తామూకి,
నేను క్షేమం. మన బత్తూల్‌ను వెంటబెట్టుకుని వచ్చేస్తున్నానని రాసిన కార్డు చించెయ్యి. అమ్మాయి కాపురానికి ఏ లోటూ లేదు.

తప్పు నాదే. ఇక్కడ వియ్యాలవారి పెరటి గోడ కూలితే రాళ్ళు పేరుస్తున్నాను. వియ్యంకుడు అబూ నాయెఫ్ వచ్చి, "అల్లా నీకు ఆఫియా ఇవ్వాలి బావగారూ" అన్నాడు. మన ఊరు సెఫ్రూలో ఆఫియా అంటే నిప్పే కదా! పని చేసిపెడుతున్నవాణ్ణి తగలబడమంటాడా? మూడు రోజులు వాళ్ళ మెతుకు ముట్టలేదు. కారణం చెప్పకుండానే అమ్మాయిని బట్టలు మూట కట్టుకోమన్నాను.

నిన్న వాడు రొట్టెలు కాలుస్తున్న కన్నతల్లితోనూ అదే మాట అని, చెయ్యి ముద్దు పెట్టుకున్నాడు. "తల్లిని కూడా తగలబెడతాడా మీ మామ?" అన్నాను. బత్తూల్ పడీపడీ నవ్వింది. "అయ్యో నాన్నా! ఈ దేశపు అరబ్బీలో ఆఫియా అంటే ఆరోగ్యం. కష్టపడేవాళ్ళను అలాగే దీవిస్తారు."

చూశావా తామూ! మనం పొయ్యిలో రాజేసే మాటతో వీళ్ళు తల్లిని దీవించుకుంటున్నారు. వెళ్ళి అబూ నాయెఫ్‌తో నా పొరపాటు చెప్పి ఒప్పుకున్నాను. "మూడు రోజులు నిప్పు మింగి కూర్చున్నారా బావగారూ!" అని ఆయన నన్ను కావలించుకున్నాడు.

చెర్రీలు కోయించావా? గాడిద కాలు నయమైందా? వియ్యంకుడికి మన ఎండు అంజూరాలు పంపు, మంచివి ఏరి.

అల్లా నీకు ఆఫియా ఇవ్వాలి. మనది కాదు, ఇక్కడిది.

బెన్నాసర్