అమ్మ సదిరిన పుస్తకాలు

12-8-1986, మంగళవారం
నారాయణఖేడ్

ఈ రోజు ఐదో తరగతిలో ‘అమర్చడం’ అనే మాటకి బదులు ఇంకేమంటారని అడిగాను. పేర్చడం, సర్దడం అన్నారు. కంగ్టి నుంచి కొత్తగా వచ్చిన లక్ష్మి లేచి, “సదురుడు సార్! మా అమ్మ వంటింట్ల బోళ్లు సదురుతది” అంది.

“అది మాటేనా? కూర్చో” అన్నాను. పిల్లలు నవ్వారు. నేనూ నవ్వాను. ఆ పిల్ల పుస్తకంలో తల దూర్చి కూర్చుంది.

ఇంటికొచ్చేసరికి చదువు రాని మా అమ్మ నా పుస్తకాలన్నీ ఒకదానిమీద ఒకటి పెట్టింది.

“జర చూడు బిడ్డా, మంచిగనే సదిరిన గద?”

తలూపాను, ముఖం చూడలేక.

ఆ మాట నిఘంటువులో ఉందేమో చూద్దామనుకున్నాను. పెద్ద పుస్తకమని అమ్మ దాన్ని అన్నిటికన్నా అడుగున పెట్టింది. లాగితే ఆమె సదిరిందంతా కూలుతుంది.

లాగలేదు. రేపు లక్ష్మికి ఏ ముఖం చూపించాలి...