రికార్డులో లేని రెండు రింగులు

కార్మిక పరిహార విచారణాధికారి గారి సముఖమునకు,
నందిగామ.

అయ్యా,

విషయం: జగ్గయ్యపేట వాస్తవ్యుడు, లైన్‌మన్ షేక్ యూనస్ మరణంపై విచారణ నివేదికలోని "ఆఫీసు అనుమతి లేకుండా స్తంభం ఎక్కెను" అను వాక్యమును తొలగించమని కోరుట గురించి.

పాలేటి నెట్‌వర్క్స్ అనే ఇంటర్నెట్, ఫోన్ కంపెనీ నందిగామ ఆఫీసులో నేను పదకొండేళ్లుగా బిల్లింగ్ చూస్తున్నాను. సదరు కంపెనీ ఉద్యోగిగా ఉంటూనే, కంపెనీకి చెప్పకుండా, ఈ కింది సంగతులు విన్నవించుకొనుచున్నాను.

1. 2024 సెప్టెంబరు 12న ఉదయం 10.50కి చందర్లపాడు రోడ్డులో కరెంటు స్తంభం మీద మా కేబుల్ సరిచేస్తూ యూనస్ షాక్ తగిలి పడిపోయాడు. ఆసుపత్రికి చేరేలోపు చనిపోయాడు. వయసు 34. అతని ఫోన్ కూడా పడి రెండు ముక్కలైంది.

2. కంపెనీ తమకు ఇచ్చిన లేఖలో "ఆ ఉదయం యూనస్ నుంచి ఆఫీసుకు కాల్ వచ్చినట్టు బిల్లింగ్ రికార్డులో లేదు" అని ఉంది. ఆ మాట అబద్ధం కాదు. రికార్డులో లేదు. కాల్ వచ్చింది. అది ఆఫీసులో మోగడం నేను విన్నాను.

3. మా లైన్‌మన్లు స్తంభం దగ్గర నిలబడి ఫోన్లో మాట్లాడరు. ఆఫీసుకు రెండు రింగులు ఇచ్చి పెట్టేస్తారు. "స్తంభం దగ్గరున్నా, కరెంటు తీశారా" అని దానర్థం. ఆఫీసులో ఉన్నవాళ్లు సబ్‌స్టేషన్‌తో మాట్లాడి, కరెంటు తీశారని తెలిశాక ఒక్క రింగు తిరిగి ఇస్తారు. ఎక్కమని అర్థం. కాల్‌కు డబ్బు పడే రోజుల్లో మొదలైన అలవాటు ఇది. మా ఫోన్ల మధ్య మాటలు ఉచితమయ్యాక కూడా పోలేదు. "నోరు తెరిచి అడగొచ్చు కదయ్యా" అని నేను ఒకసారి అంటే యూనస్, "మీరు ఎత్తితే హలో అనాలి, టిఫిన్ చేశారా అనాలి, ఈలోపు ఎండ నెత్తికెక్కుద్దన్నా" అన్నాడు.

4. మా బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ ఓపెన్ సోర్స్‌ది. అంటే దాని లోపలి కోడ్ అందరికీ తెరిచి ఉంటుంది. ఎవరైనా చదువుకోవచ్చు, తమ అవసరానికి మార్చుకోవచ్చు, డబ్బు కట్టనక్కర్లేదు. దాన్ని పెట్టిన రోజు మా యజమాని సీతారామాంజనేయులు గారు "ఊరికే వచ్చేదానికి వంకలు పెట్టకయ్యా" అన్నారు. వంక పెట్టాల్సింది కూడా లేదు, మంచి సాఫ్ట్‌వేర్. ప్రతి కాల్ ఎవరి నుంచి ఎవరికి, ఎన్ని సెకన్లు అని రాసుకొని ధర కడుతుంది. ఎత్తని కాల్‌ను కూడా సున్నా సెకన్లని రాసుకుంటుంది.

5. రాసుకునేది. మా దగ్గర నూటికి అరవై మిస్డ్ కాల్సే. పాలవాడికి ఒక రింగు, ఆటోవాడికి రెండు. నెలాఖరున బిల్లులు తయారు కావడానికి ఒక పూట పట్టేది. అందుకని 2023 జూన్ 9న నేను ఆ కోడ్‌లో ఒక వరుస చేర్చాను: వ్యవధి సున్నా అయితే ఆ కాల్‌ను రికార్డు చేయవద్దు. ధర కట్టనక్కర్లేనిదాన్ని దాచనక్కర్లేదు అనుకున్నాను. ఆ తరువాత మా రికార్డులో ఎవరి మిస్డ్ కాలూ లేదు. సెప్టెంబరు 12న యూనస్‌ది ఒక్కటే కాదు, ఏ ఒక్కరిదీ లేదు.

6. ఇందుకు నా నోటిమాటే ఆధారం కాదు. ఇలాంటి సాఫ్ట్‌వేర్‌ను బాగుచేసినవాళ్లు ఆ మార్పును నలుగురికీ తిరిగి ఇవ్వడం పద్ధతి. నేనూ ఇచ్చాను. నా పేరు, తేదీ, ఆ వరుస నెట్‌లో ఇప్పటికీ ఉన్నాయి. నాకు తెలియని వ్యక్తి ఎవరో దాని కింద ధన్యవాదాలు రాశాడు. ప్రతి జతపరిచాను. తమ కార్యాలయం కంప్యూటర్‌లోనే చూసుకోవచ్చు. కంపెనీని అడగనక్కర్లేదు.

7. యజమానికి ఇదంతా చెప్పాను. "లేని రికార్డు ఉందని రాయమంటావా కిషోరూ?" అన్నారు. ఉందని రాయమనలేదండి, ఎందుకు లేదో రాయమన్నాను. ఆయన మాట మార్చారు.

8. యూనస్ భార్య రిజ్వానా పోయిన సోమవారం నివేదిక కాగితం పట్టుకొని ఆఫీసుకు వచ్చింది. పరిహారం రాదన్న పేరా ఆమె నాకు చూపలేదు. పైన 'విషయం'లో నేను రాసిన ఆ వాక్యం మీద వేలు పెట్టింది. "అడక్కుండా ఎక్కే మనిషి కాదు అన్నయ్యా. ఇంట్లో అటక మీద గిన్నె తీయాలన్నా, స్టూలు పట్టుకున్నావా, ఎక్కనా, ఎక్కనా అని మూడుసార్లు అడిగేవాడు. ఈ మాట ఎట్టా రాశారండి?" అంది. ఆ రాత్రే ఈ అర్జీ రాయడానికి కూర్చున్నాను.

కావున విచారణ తిరిగి తెరిచి, రికార్డులో కాల్ లేకపోవడానికి కారణం ఆ ఒక్క వరుసేనని నమోదు చేసి, సదరు వాక్యమును కొట్టివేయించవలెననియు, దిద్దిన కాగితం రిజ్వానా చేతికి అందేలా చూడవలెననియు కోరుచున్నాను. ఇది తమరు చిత్తగించవలెను.

నందిగామ,
3-3-2025.

ఎప్పుడు పిలిచినా హాజరయ్యే
తమ విధేయుడు,
కిషోర్‌బాబు

తా.క. ఈ అర్జీ రెండుసార్లు రాసి చించేశాను. ఆ రెండింటిలో ఈ కింది పేరా లేదు.

ఆ ఉదయం ఆఫీసు ఫోన్ దగ్గర ఎవరున్నారని విచారణలో ఎవరూ అడగలేదు. నేనున్నాను. యూనస్ రెండు రింగులు ఇవ్వగానే సబ్‌స్టేషన్‌కు ఫోన్ చేశాను, కరెంటు తీశాక తిరిగి ఫోన్ చేస్తామని వారు చెప్పారు. వానలకు సగం ఊళ్లో నెట్ లేదు, ఫిర్యాదుల ఫోన్లు ఆగడం లేదు. యూనస్ మళ్లీ రెండు రింగులు ఇచ్చాడు. పావుగంటైంది కదా, తీసే ఉంటారనుకున్నాను. సబ్‌స్టేషన్ ఫోన్ కోసం ఆగలేదు. ఒక్క రింగు ఇచ్చాను.

అతను అడిగాడండి. రెండుసార్లు అడిగాడు. నేను ఎక్కమంటేనే ఎక్కాడు. రిజ్వానాకు ఈ మాట ఇంకా చెప్పలేదు. తమరు పిలిచిన రోజు ఆమెను కూడా పిలిపించండి, అక్కడే చెబుతాను.

ఇప్పుడు లైన్‌మన్లు రింగు ఇస్తే నేను ఎత్తుతున్నాను. "ఎందుకెత్తావన్నా, పెట్టేయ్" అని విసుక్కుంటున్నారు. ఎత్తిన కాల్ రికార్డులో ఉంటుంది.