తలకోనలో ఎర్రగడ్డలు

తలకోన, ఆదివారం రాత్రి

స్నేహితురాలు సుజాత వాళ్లతో కలిసి కారులో క్యాంపింగుకొచ్చాం. దిగగానే మగవాళ్లు మగపిల్లల్ని తీసుకుని జలపాతానికి బయలుదేరారు. మా పాపను మాత్రం మా ఆయన ఆపారు. "నువ్వుండుమ్మా, అమ్మకు ఎర్రగడ్డలు వలిచియ్యి."

ఈత బట్టలేసుకున్న పిల్ల నోరెత్తకుండా కూర్చుని ఉల్లిపాయలు వలవసాగింది. అలా నోరెత్తకపోవడం చూసే నాకు ఒళ్లు మండింది. కత్తి పడేసి దాని చెయ్యి పట్టుకుని లేచాను. సుజాతా లేచింది.

"యాడికి పోతా ఉండావు? వంటెవురు సేసేది?" మా ఆయన కేకేశారు.

"ఆకలైనోళ్లు సేసుకుంటారు!" అన్నాను.

చీకటి పడేదాకా ముగ్గురం నీళ్లలోనే ఉన్నాం. మగవాళ్లు వండిన అన్నం మాడింది. అయినా తిన్నాను. ఇంటికెళ్లాక ఈ ధైర్యం ఉంటుందో లేదో…

ఇప్పుడే టెంటు బయటినుంచి ఆయన అడిగారు, "పొద్దున్నే టీ ఎవురు పెడతారు?"

టెంటు జిప్పు చివరిదాకా లాగేశాను.