ముఖాలు కనపడాలట

బావకి,

రేపు ప్రచారం వీడియో తీయించడానికి నువ్వు వచ్చేసరికి మన రాఫ్టింగ్ సంఘం గాలిపడవలన్నీ గోదాములో చాపల్లా పడి ఉంటాయి. గాలి తీసింది నేనే. ఈ ఉత్తరం తెచ్చిన కాపలా అతన్ని తిట్టకు.

హెల్మెట్ లేకుండా ఎవరూ నదిలోకి దిగకూడదన్న నియమం కింద అధ్యక్షుడిగా సంతకం పెట్టింది నువ్వే. నిన్న మీటింగులో మాత్రం వీడియోలో హెల్మెట్లు వద్దంటూ, "ముఖాలు కనపడకపోతే ఈ ఆటకి జనం ఎలా వస్తారోయ్? నీకన్నీ అనుమానాలే!" అన్నావు. అందరూ నవ్వారు. నలుగురిలో నాకు నోరు పెగలదని నీకు తెలుసు.

పొద్దుటి నుంచి కాలు నిలవక ఒడ్డుకీ ఇంటికీ తిరుగుతున్నాను. పైన వానలు పడ్డట్టున్నాయి. నిన్న కనపడిన బండలు ఇవాళ నీళ్లలో మునిగాయి. తలకి తగిలేది అవే. ముందు పడవలో మొదట కూర్చునేది నీ కూతురు. హెల్మెట్ పెట్టుకోమంటే, "నాన్నే వద్దన్నాక ఎలా పెట్టుకోను మామయ్యా?" అంది.

గాలి కొట్టే పంపు మా ఇంట్లో ఉంది. హెల్మెట్లు తుడిచి గుమ్మం పక్కన పెట్టాను. నువ్వే వచ్చి అవి తీసుకెళ్లు, వాటితోపాటు పంపూ ఇస్తాను. కార్యదర్శి పదవి వదులుకోమంటే అదీ ఇచ్చేస్తాను.

అక్కకి ఇంకా ఏమీ చెప్పలేదు.

నీ బావమరిది