మన వైపు తిరిగిన బాక్స్

డిసెంబర్ 9, 1984, ఆదివారం. పొద్దున మంచు. సైకిల్‌కు గాలి కొట్టి, గిటార్ వీపున వేసుకుని చర్చికి వెళ్లాను.

అన్నా, నువ్వు పోయి నేటికి ఏడాది. నీ బేస్ గిటార్‌ను నువ్వు చేసిన ఆంప్లిఫయర్‌కే తగిలించి వాయిస్తున్నాను. రెండు స్పీకర్ బాక్సుల్లో ఒకదాన్ని నువ్వు మన వైపు తిప్పేవాడివి, మన వాయిద్యం మనకు వినిపించాలని. ఈరోజు సంఘ పెద్ద యోహాను మామ దాన్ని కూడా జనం వైపు తిప్పాడు.

"వాయించేటోళ్లకు వినుడెందుకురా?"

"వినకుంటే తాళం తప్పుతది మామా. అన్న ఇట్లనే పెట్టేటోడు."

"అన్న లేడు గదా."

"బాక్స్ ఉన్నది గదా."

దాన్ని మళ్లీ మన వైపు తిప్పి, కదలకుండా ఇటుక అడ్డం పెట్టాను. ఆఖరి పాటలో, బిస్కెట్ డబ్బాలో నువ్వు అమర్చిన, గిటార్ మోతను గరుకుగా మార్చే పెడల్ కూడా తొక్కాను. తీగ గుర్రుమంది. మామ నా వైపు చూశాడు. నేను కాలు తీయలేదు. వచ్చే ఆదివారం కూడా బాక్స్ అక్కడే, అట్లాగే ఉంటుంది.

ఇంటికొచ్చి పెడల్ దుమ్ము తుడిచాను. నల్లా వచ్చిందని వదిన పిలిస్తే బిందెలు తీసుకుని వెళ్లాను.